1/350 ఫ్లెచర్ డిస్ట్రాయర్ కిట్: నేను కట్టిన 557

ముందే చెప్పేస్తాను, ఈ కిట్ కొనదగ్గదే. కానీ డబ్బా తెరిచే ముందు ఏ ఓడ కట్టాలో నిర్ణయించుకోండి. ఫ్లెచర్ తరగతి డిస్ట్రాయర్లని, అంటే వేగంగా పోయే పల్చటి పోరు ఓడల్ని, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా 175 కట్టింది. ఈ ప్లాస్టిక్ ముక్కలు వాటిలో చాలావాటికి దాదాపుగా సరిపోతాయి. ఏ ఓడో తేల్చేది చివర్లో అణియం (ఓడ ముందు భాగం) పక్కన అంటించే అంకెలు. నేను 557 ఎంచుకున్నాను. అది యూఎస్‌ఎస్ జాన్‌స్టన్. 1944 అక్టోబర్ 25న ఫిలిప్పీన్స్‌లో సమార్ దీవి దగ్గర మునిగిపోయింది.

నేను విశాఖపట్నంలో షిప్‌యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు ప్లేటర్‌గా చేసి రిటైరయ్యాను. స్టీలు ప్లేటుని గీతకి కోయించి, వంచి, ఫ్రేముకి పట్టించి వెల్డర్‌కి అప్పజెప్పడం నా పని. రిటైరయిన ఏడాది మా అబ్బాయి ఒక చిన్న ఓడ కిట్ తెచ్చిచ్చాడు. అప్పట్నించీ కడుతూనే ఉన్నాను, ఇది ఆరోది. మిగతా అయిదింటికీ కలిపి ఎంత టైం పట్టిందో దీనికొక్కదానికే అంత పట్టింది, నాలుగు నెలలు. కష్టమైన కిట్ అయి కాదు. ఒక్కో ముక్క చేతికి వచ్చినప్పుడల్లా ఆ రోజు ఆ చోట ఏం జరిగిందో చదువుకుంటూ ఆగిపోయేవాణ్ణి.

ఆన్‌లైన్లో తెప్పించాను. కొరియరు, పన్నులు అన్నీ కలిపి ఏడు వేల చిల్లర అయింది. డబ్బా ఒక మూల నలిగి వచ్చింది, లోపల స్తంభం ముక్క విరిగి ఉంది. అమ్మినవాళ్లకి ఫొటో తీసి పంపితే రెండు వారాలు జవాబు లేదు. చివరికి ఇత్తడి తీగతో నేనే స్తంభం చేసుకున్నాను. కాబట్టి పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి. ఈ 1/350 స్కేలులో, అంటే అసలు ఓడలో 350వ వంతులో, ఫ్లెచర్ కిట్లు ఒకటికంటే ఎక్కువ కంపెనీలవి దొరుకుతాయి. నేను రాసేది చాలామటుకు అన్నిటికీ వర్తిస్తుంది.

ఇక హల్, అంటే ఓడ ఒళ్లు. అసలు ఓడ పొడవు దాదాపు 115 మీటర్లు, వెడల్పు 12. మోడల్ పొడవు 33 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ, వెడల్పు మూడున్నర లోపు. పొడవుని వెడల్పుతో భాగిస్తే తొమ్మిదిన్నర వస్తుంది. మేం కట్టిన సరుకు ఓడలకి ఈ లెక్క ఏడు కూడా దాటేది కాదు. 60,000 హార్స్‌పవర్‌తో 35 నాట్లు పరిగెత్తడానికి చేసిన ఒళ్లు అది. అణియం నుంచి అమరం (వెనక భాగం) దాకా డెక్కు ఒకే గీతగా సాగుతుంది, ఎక్కడా మెట్టు లేదు. కిట్‌లో ఆ గీత చాలా బాగా వచ్చింది. రెండు సగాలు అతికించాక అడుగున సన్నటి సందు మిగిలింది. పుట్టీ పెట్టి, నీళ్లలో తడిపిన ఎమెరీ కాగితంతో రుద్దితే పోయింది.

అలవాటు కొద్దీ ప్లాస్టిక్ మందం కొలిచాను. 1.2 మిల్లీమీటర్లు. దాన్ని 350తో గుణిస్తే 42 సెంటీమీటర్లు. జాన్‌స్టన్‌కి ఎదురొచ్చిన జపాన్ యుద్ధనౌక యమాతో పక్కన తొడిగిన కవచం మందం 41. జాన్‌స్టన్ ప్లేటు మందం ఎక్కడా అంగుళం లేదు. దాన్ని స్కేలు ప్రకారం చేయాలంటే నోటుబుక్కు కాగితంలో సగం మందం ఉండాలి. అలాంటి ప్లేట్లు నేను చేత్తో పట్టుకున్నవాణ్ణి. అవి అలల కోసం, వేగం కోసం. ఫిరంగి గుండుని ఆపడానికి కాదు. యమాతో గుండు ఒక్కోటి 1,460 కిలోలు. జాన్‌స్టన్ అయిదు ఫిరంగుల్లో ఒక్కో గుండు 25 కిలోలు.

ఆ తెల్లవారి సంగతి క్లుప్తంగా చెప్తాను. లేటె దీవి దగ్గర దిగిన అమెరికా సైన్యానికి అండగా సమార్‌కి తూర్పున చిన్న విమానవాహక నౌకలు ఆరు ఉన్నాయి. ఇరవై నాట్లు కూడా అందుకోలేని ఓడలు. వాటికి కాపలా మూడు డిస్ట్రాయర్లు, వాటికంటే చిన్న ఎస్కార్టులు నాలుగు. అధిపతి రియర్ అడ్మిరల్ క్లిఫ్టన్ స్ప్రేగ్. పొద్దున ఏడు కాకముందే జపాన్ వైస్ అడ్మిరల్ కురిటా దళం వాళ్ల మీదికి వచ్చింది. నాలుగు యుద్ధనౌకలు, ఆరు పెద్ద క్రూయిజర్లు, రెండు చిన్న క్రూయిజర్లు, పదకొండు డిస్ట్రాయర్లు. జాన్‌స్టన్ కెప్టెన్ ఎర్నెస్ట్ ఇవాన్స్, వయసు 36. ఓక్లహోమాలో పుట్టిన చెరోకీ, క్రీక్ అనే అమెరికా ఆదివాసీ జాతుల మనిషి. 1942లో జావా సముద్రంలో ఓడిన దళంలో ఉన్నాడు. దాదాపు ఏడాది కింద, 1943 అక్టోబర్ 27న జాన్‌స్టన్ సర్వీసులో చేరిన రోజున సిబ్బందిని నిలబెట్టి, ఇది పోరాడే ఓడ అని, ప్రమాదానికి ఎదురెళ్తానని, ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే దిగిపోవచ్చని చెప్పాడు. సమార్ దగ్గర పై నుంచి ఆజ్ఞ రాకముందే పొగ తెర వేసుకుంటూ ఓడని శత్రువు వైపు తిప్పాడు.

జాన్‌స్టన్ అప్పటికి కొత్త ఓడేం కాదు. మార్షల్ దీవుల్లో క్వాజలీన్, ఎనివెటోక్ మీద గుండ్లు కురిపించింది. 1944 మేలో ఇంకో రెండు డిస్ట్రాయర్లతో కలిసి ఐ-176 అనే జపాన్ సబ్‌మెరైన్‌ని ముంచింది. జూలైలో గువాంలో పనిచేసింది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఇవేవీ లేవు, ఫ్లెచర్ తరగతి గురించి నాలుగు ముక్కలు రాసి వదిలేశారు. ఇంత మంచి కిట్‌కి అది నిజంగా లోటు.

నేను ఈ ఓడనే ఎందుకు ఎంచుకున్నానో ఇక్కడ చెప్పాలి. ఇవాన్స్ గురిపెట్టిన క్రూయిజర్ పేరు కుమానో. ఆ పేరు నాకు కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అవి ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చాయి. అదే దాడిలో బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని ముంచుతూ తిరిగిన క్రూయిజర్లలో కుమానో, సుజుయా ఉన్నాయి. ఆ క్రూయిజర్ల విభాగానికి అధిపతి అప్పుడు కూడా కురిటాయే. మా నాయనమ్మ ఆ రోజు గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒకే చోట మొదలుపెట్టేది: పొయ్యి మీద గంజి కుండ అలాగే వదిలేసి, మా పెదనాన్నని చంకనేసుకుని, బండి కట్టించుకుని విజయనగరం వైపు పోయారట. ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందట. ఆ గంజి కుండ గురించి ఆమె ముసలితనంలో కూడా బాధపడేది. చిన్నప్పట్నించీ విన్న ఆ కథలోని ఓడలకి రెండున్నరేళ్ల తర్వాత ఎదురు తిరిగిన ఒక పల్చటి డిస్ట్రాయర్ ఉందని తెలిశాక నేను ఇంకో నంబరు అంటించలేకపోయాను.

టార్పెడో గొట్టాల దగ్గరికి వద్దాం. అయిదేసి గొట్టాల గుత్తులు రెండు. ఒకటి రెండు పొగ గొట్టాల మధ్య, ఇంకోటి వెనక పొగ గొట్టం దాటాక. కిట్‌లో అన్నిటికంటే బాగా చేసినవి ఇవే. ప్రతి గుత్తీ తిరుగుతుంది. అందుకే జిగురు పెట్టేటప్పుడు ఇరుసుకి అంటకుండా చూసుకోండి. పది గొట్టాల నోళ్లూ అర మిల్లీమీటరు డ్రిల్లుతో తొలిచాను. ఆ పదీ ఇవాన్స్ ఒకేసారి వదిలేశాడు, దాదాపు 10,000 గజాల దూరం నుంచి. అంతకుముందే 18,000 గజాల నుంచి ఫిరంగులు మొదలుపెట్టి రెండొందలకు పైగా గుండ్లు కాల్చింది జాన్‌స్టన్. ఆ దూరం ఎలా ఉంటుందో చూడాలని స్కేలు లెక్క వేసి మా అపార్ట్‌మెంటు గేటు నుంచి టేపు పట్టాను. ఫిరంగి దూరం 47 మీటర్లు, వీధి మలుపులో టీ కొట్టు దాకా. టార్పెడో దూరం 26 మీటర్లు, ఇస్త్రీ బండి దాకా. టీ కొట్టు దగ్గర ముప్పావు మీటరు పొడవున్న యమాతో ఉందనుకుని గేటు వైపు చూశాను. అక్కణ్ణించి ఇక్కడికి, జానెడున్నర ఓడ, ఒంటరిగా వచ్చింది.

టార్పెడో తగిలి కుమానో అణియం తెగిపోయింది. బాంబుల దెబ్బ తిన్న సుజుయా దాని అడ్మిరల్‌ని ఎక్కించుకోవడానికి వెనక ఉండిపోయింది. మా తీరానికి వచ్చిన ఆ రెండూ అలా పోరులోంచి తప్పుకున్నాయి.

ఏడున్నర ప్రాంతంలో జాన్‌స్టన్‌కి దెబ్బలు తగిలాయి. యుద్ధనౌక గుండ్లు మూడు, వెంటనే చిన్నవి మూడు. అవి కొంగో అనే జపాన్ యుద్ధనౌక నుంచి వచ్చాయని చాలాకాలం అనుకున్నారు, యమాతోవని తర్వాతి పరిశోధకులు కొందరంటారు. వెనక ఇంజిన్ గది పోయింది. ఇది షిప్‌యార్డువాళ్లకి అర్థమయ్యే విషయం కాబట్టి కాస్త ఆగి రాస్తాను. ఫ్లెచర్ ఓడల్లో బాయిలర్ గది, ఇంజిన్ గది, మళ్లీ బాయిలర్ గది, మళ్లీ ఇంజిన్ గది, ఇలా మార్చి మార్చి పెట్టారు. ఒక చోట దెబ్బ తగిలినా రెండో జత బతికుండి ఒక షాఫ్టుని తిప్పుతుంది. రెండు పొగ గొట్టాల మధ్య అంత దూరం ఉండటానికి కారణం అదే. ఈ కిట్ కట్టే కుర్రవాళ్లకి నేను చెప్పేది, ఆ రెండు గొట్టాల్నీ ఊరికే అతికించేయకుండా వాటి కింద ఏముందో ఒక్కసారి ఊహించుకోండి. ఆ అమరిక గీసిన ఇంజినీరు వల్లే జాన్‌స్టన్ ఆగిపోలేదు. 17 నాట్లకి పడిపోయింది, కానీ నడిచింది. వానజల్లు ఒకటి కమ్మితే అందులో పది నిమిషాలు దాక్కుని రిపేర్లు చేసుకున్నారు.

వంతెన మీద, అంటే ఓడని నడిపించే చోట, ఇవాన్స్ ఒంటి మీద చొక్కా పేలుడుకి ఊడిపోయింది, ఎడమ చేతి వేళ్లు రెండు పోయాయి. ఆ తర్వాత మిగతా డిస్ట్రాయర్లని టార్పెడో దాడికి వెళ్లమని స్ప్రేగ్ ఆజ్ఞ ఇచ్చాడు. జాన్‌స్టన్ దగ్గర ఒక్క టార్పెడో లేదు, ఒకే ఇంజిను. అయినా వాళ్ల వెనకే ఫిరంగులతో సాయంగా తిరిగి వెళ్లింది.

ఈ మోడల్లో నేను ఎక్కువసేపు చూసే చోటు వెనక డెక్కు మీద ఉంది. అగ్గిపుల్ల తల అంత చదరం, మూత ఉన్న తలుపు. సూచనల కాగితంలో దానికి నంబరు కూడా లేదు, డెక్కుతో కలిపే పోత పోశారు. వంతెన నుంచి చుక్కానికి వెళ్లే తీగెలన్నీ తెగిపోయాక ఇవాన్స్ అమరానికి వచ్చి, తెరిచిన తలుపు దగ్గర నిలబడి, కింద చేతులతో చుక్కాని తిప్పుతున్న మనుషులకి అరిచి దిక్కులు చెప్పాడు. ఈ తరగతి ఓడలకి చుక్కాని ఒక్కటే, పవర్ స్టీరింగ్ ఉన్నప్పుడే నెమ్మదిగా తిరుగుతాయి. దాన్ని కింద చీకట్లో, వేడిలో, చేత్తో తిప్పుతున్నవాళ్లకి బయట ఏం జరుగుతోందో కనిపించదు. పైనుంచి వచ్చే గొంతు ఒక్కటే ఆధారం. ట్యాంకుల్లోకి దిగి పనిచేసినవాణ్ణి, పైనున్న మనిషి గొంతు వినపడకపోతే గుండె ఎలా దడదడలాడుతుందో నాకు తెలుసు. ఆ మూతని సన్నటి బ్లేడుతో కోసి, తెరిచినట్టుగా మళ్లీ అతికించాను. నాలుగు నెలల పనిలో అది రెండు రోజులు తిన్నది. మీకూ అదే చేయమని చెప్తాను. కొత్త బ్లేడు వాడండి, ఒక్కసారే నొక్కకుండా పదిసార్లు మెల్లగా గీయండి.

చివరి గంటలో జాన్‌స్టన్ ఆ విమానవాహక నౌకల్లో ఒకటైన గాంబియర్ బే మీద కాలుస్తున్న క్రూయిజర్‌ని తన వైపు తిప్పుకోవాలని చూసింది. ఆ తర్వాత యహాగి అనే చిన్న క్రూయిజర్, దాని వెంట వచ్చిన డిస్ట్రాయర్లు విమానవాహక నౌకల మీదికి పోతుంటే అడ్డం వెళ్లింది. అవి తొందరపడి దూరం నుంచే టార్పెడోలు వదిలేశాయి, ఒక్కటీ తగల్లేదు. ఆ తర్వాత అవన్నీ చుట్టుముట్టి కాల్చాయి. 9:45కి ఓడ వదిలేయమని ఇవాన్స్ చెప్పాడు. 10:10కి జాన్‌స్టన్ పక్కకి ఒరిగి మునిగిపోయింది. దగ్గరగా వచ్చిన జపాన్ డిస్ట్రాయర్ మీద నిలబడిన ఒక అధికారి మునుగుతున్న ఓడకి సెల్యూట్ చేశాడని బతికి బయటపడినవాళ్లు చెప్పారు. అప్పటికే కురిటా తన దళాన్ని వెనక్కి తిప్పుకుంటున్నాడు.

లైఫ్ రాఫ్టుల గురించి ఒక ఫిర్యాదు. అసలువి మధ్యలో వల ఉన్న వలయాలు. కిట్‌లో మాత్రం మొత్తం మూసుకుపోయిన ముద్దల్లా పోశారు. నేను మధ్యలో తొలిచి పాత దోమతెర ముక్క అతికించాను. చిన్న విషయం అనుకోకండి. ఓడలో ఆ రోజు 327 మంది ఉంటే బతికింది 141 మంది, వాళ్లని నీళ్ల మీద నిలిపింది ఈ రాఫ్టులు, వలలే. ఓడ మునిగాక ఇవాన్స్‌తో సహా తొంభై మందికి పైగా ప్రాణాలతోనే నీళ్లలో ఉన్నారు, వాళ్లు మళ్లీ కనిపించలేదు. రాఫ్టుల మీద గాయాలతో పోయినవాళ్లు దాదాపు 45 మంది. వాళ్లున్న చోటు తప్పుగా అందడం వల్ల రెండు రాత్రులు ఎవరూ రాలేదు. దాహం, ఎండ, సొరచేపలు. దొరికింది అక్టోబర్ 27న. సరిగ్గా ఏడాది కింద అదే తేదీన ఓడ సర్వీసులో చేరింది. ఇవాన్స్‌కి మరణానంతరం అమెరికాలో అన్నిటికంటే పెద్ద సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

రంగుల విషయం. డెక్కు నీలం వేయండి, చెక్క రంగు వేయకండి. విమానం నుంచి చూస్తే సముద్రంలో కలిసిపోవాలని పసిఫిక్‌లో అమెరికా ఓడల డెక్కులకి నీలం వేసేవాళ్లు. విశాఖలో ఆగస్టులో రంగు వేశాను, అది నా పొరపాటు. తేమకి రెండో కోటు మూడు రోజులైనా జిగురుగానే ఉంది. మన తీరంలో ఉన్నవాళ్లు ఈ పని జనవరికి పెట్టుకోండి. రెయిలింగులు కిట్‌లో లేవు. ఇత్తడివి విడిగా పన్నెండు వందలు పెట్టి కొన్నాను. ప్లాస్టిక్ జిగురు వాటికి పట్టదు, సూపర్ గ్లూ కావాలి. ఈ తరగతిలోని అన్ని ఓడల వంతెనలూ ఒకేలా లేవు, కాబట్టి మీరు కట్టే ఓడ ఫొటో ముందు పెట్టుకోండి. మొదటిసారి కట్టేవాళ్లకి మాత్రం ఇది వద్దు. చిన్న ఫిరంగుల ముక్కలు పట్టకారుకి కూడా అందవు, విసుగొచ్చి సగంలో అటకెక్కిస్తారు.

అంకెలు అంటించడం ఆఖరి పని. విడి విడి అంకెలు ఇస్తారు, కావలసిన నంబరు మనమే కూర్చుకోవాలి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి, నలభై లెక్కపెట్టి, బ్రష్షుతో జార్చాలి. ఫ్యాను ఆపేయండి. రెండు అయిదులూ ఒకే ఎత్తులో రావడానికి కుడి పక్క మూడుసార్లు తీసి పెట్టాను. 2021 మార్చిలో విక్టర్ వెస్కోవో అనే ఆయన సబ్‌మెర్సిబుల్‌లో 6,456 మీటర్ల లోతుకి దిగి జాన్‌స్టన్‌ని చూశాడు. 76 ఏళ్ల తర్వాత కూడా ఆ అంకెలు అణియం మీద చదవగలిగేలా ఉన్నాయి. ఓడ ఏదో రూఢి అయింది వాటి వల్లే.

మేముండేది ఆరో అంతస్తు. 6,456ని 350తో భాగిస్తే పద్దెనిమిదిన్నర మీటర్లు. దారం కొలిచి, చివర చిన్న నట్టు కట్టి, బాల్కనీ లోంచి దించాను. మా మనవరాలు పక్కన నిలబడి ఎంతవరకు వెళ్లిందో చెప్తోంది. నట్టు కింద వాచ్‌మన్ సైకిలు సీటు పక్కనుంచి జారి నేలకి తగిలింది. ఓడని బాల్కనీ గోడ మీద పెట్టి కాసేపు ఇద్దరం కిందికి చూశాం.

దారం దాచిపెట్టాను. అదే పొద్దున జాన్‌స్టన్ పక్కనే పోరాడి మునిగిన చిన్న ఎస్కార్టు శామ్యూల్ బి. రాబర్ట్స్‌ని 2022లో కనుక్కున్నారు, 6,895 మీటర్ల దగ్గర. కిట్ దొరికితే తర్వాత అదే కడతాను. ఆ దారానికి ఇంకో మీటరుంపావు కలపాలి.